24 గంటల ఒడంబడిక

1996 ఫిబ్రవరి చివరి వారం. అట్లాంటిక్ మహాసముద్రంలోని బెర్ముడా దీవిలో, విహారయాత్రికులు పలచబడిన చలికాలంలో, సుమారు 50 మంది శాస్త్రజ్ఞులు ఒక హోటల్లో సమావేశమయ్యారు. వారికి శాసనాలు చేసే అధికారమేదీ లేదు. ఆహ్వానించినది బ్రిటన్‌కు చెందిన వెల్‌కమ్ ట్రస్ట్. మానవ జన్యుక్రమాన్ని చదివే బృహత్కార్యంలో ఎవరి వంతు ఎంతో తేల్చుకోవలసి ఉంది. అంతకంటె చిక్కు ప్రశ్న మరొకటి ఎదురయింది: చదివినదాన్ని ఎప్పుడు బయటపెట్టాలి?

మానవ జన్యుక్రమమంటే నాలుగే నాలుగు అక్షరాలతో వ్రాసిన గ్రంథం. నిడివి మాత్రం దాదాపు 300 కోట్ల అక్షరాలు. ఆనాటి యంత్రం ఒక విడతలో చదవగలిగినది కొన్ని వందల అక్షరాలే. ఒక తాళపత్ర గ్రంథానికి పలు నకళ్ళు తీయించి, అన్నిటినీ తునకలు చేసి, ఏ తునక చివర ఏ తునక మొదటితో కలుస్తుందో చూచి తిరిగి అతకడం వంటిది ఆ పని. సగం తునకలు పొరుగువాని పెట్టెలో తాళం వేసి ఉంటే అతుకు ఎలా కుదురుతుంది?

అప్పటి అమెరికా మార్గదర్శకాల ప్రకారం ఫలితాలను ఆరు నెలలు అట్టిపెట్టుకోవచ్చు. అందుకు కారణాలూ లేకపోలేదు. పచ్చి పాఠంలో తప్పులుంటాయి. పైగా శ్రమ ఒకరిదై, వ్యాసం ప్రకటించి పేరు తెచ్చుకునేది మరొకరు కావచ్చు. ఆ భయాన్ని స్వార్థమని కొట్టివేయడం న్యాయం కాదు.

బ్రిటన్ నుంచి వచ్చిన జాన్ సల్‌స్టన్, అమెరికా నుంచి వచ్చిన రాబర్ట్ వాటర్‌స్టన్ వేరొక సంప్రదాయంలో పెరిగినవారు. మిల్లీమీటరు పొడవుండే ఒక సూత్రకృమిని పరిశోధించే చిన్న లోకం వారిది. అక్కడ ఫలితాలను అచ్చు కాకముందే పంచుకోవడం ఆచారం. సల్‌స్టన్ బోర్డు వద్ద నిలబడి షరతులు వ్రాశారు. వెయ్యి అక్షరాలు మించిన ప్రతి భాగమూ, వీలైతే 24 గంటలలోగా, లోకానికంతటికీ ఉచితంగా అందాలి. సభ అంగీకరించింది.

రెండేళ్ళకే దీనికి పరీక్ష వచ్చింది. క్రెయిగ్ వెంటర్ నాయకత్వాన 1998లో వెలసిన సెలెరా సంస్థ, మూడేళ్ళలో తానే జన్యుక్రమాన్ని పూర్తిచేస్తానని ప్రకటించింది. తన సమాచారాన్ని చందాదారులకు అమ్మింది; బెర్ముడా ఒప్పందం మేరకు వెలువడిన ఉచిత సమాచారాన్నీ వాడుకుంది. తలుపులు తెరచి ఉంచిన ఇంటికి ప్రత్యర్థి కూడా రావచ్చు గదా!

అదే తలుపు గుండా మరొకరూ వచ్చారు. 2000 నాటికి ప్రభుత్వ, ధార్మిక నిధులతో నడిచిన ప్రయోగశాలల వద్ద పోగుపడిన తునకలు దాదాపు 4 లక్షలు. వాటిని వరుసలో పేర్చే ప్రోగ్రాం సిద్ధంగా లేదు. సెలెరా ముందుగా పూర్తిచేస్తే జన్యువులు పేటెంట్ల పాలవుతాయని శాంతా క్రజ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థి జిమ్ కెంట్ ఆందోళన చెందాడు. నొప్పి పుట్టిన మణికట్లకు రాత్రివేళ మంచుగడ్డలు పెట్టుకుంటూ, నాలుగు వారాలలో ఆ ప్రోగ్రాం వ్రాసి ముగించాడు. సుమారు నూరు కంప్యూటర్ల సాయంతో జూన్ 22న తొలి కూర్పు సిద్ధమయింది. నాలుగు రోజుల తరువాత వైట్‌హౌస్‌లో ఉభయ పక్షాల విజయమూ ఒకే వేదికపై ప్రకటితమయింది.

జూలై 7న శాంతా క్రజ్ బృందం ఆ పాఠాన్ని ఇంటర్నెట్‌లో ఉంచింది, రుసుము లేదు. అది ఖాళీలు నిండిన చిత్తుప్రతి. ఆ ఖాళీలు దాదాపు పూర్తిగా పూడిన పాఠం 2022లో గాని వెలువడలేదు.