వార్తల్లో పదం: సీపీయూ బాటిల్‌నెక్

కొత్త గ్రాఫిక్స్ కార్డు వేసినా ఆట తడబడుతోందంటే అందరి వేలూ ప్రాసెసర్ (సీపీయూ) వైపే చూపుతుంది. ప్రతి ఫ్రేముకూ కావలసిన లెక్కలు ప్రాసెసర్ కట్టి ఇస్తేనే కార్డు బొమ్మ గీస్తుంది. ఆ లెక్కలు ఆలస్యమై కార్డు ఖాళీగా కూర్చోవడమే సీపీయూ బాటిల్‌నెక్.

కనిపెట్టడం తేలికే. ఫ్రేముల వేగాన్ని తెర వేగానికి కట్టేసే వీసింక్ ఆపేసి, ఆటలో రిజల్యూషన్ తగ్గించి చూడండి. ఫ్రేముల వేగం కదలకపోతే అడ్డు చాలావరకు ప్రాసెసర్ దగ్గరే. బాగా పెరిగితే ప్రాసెసర్ జోలికి వెళ్లక్కర్లేదు. టాస్క్ మేనేజర్ 40 శాతమే వాడకం చూపించిందని నమ్మేయకండి, ఒక్క కోర్ నిండినా ఆట నెమ్మదిస్తుంది. 4కేలో ఆడేవారికైతే ప్రాసెసర్ మార్చినా సాధారణంగా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

ప్రాసెసర్ మార్చాల్సిందే అనుకుంటే, అసలు ఖర్చు అది మదర్‌బోర్డుపై కూర్చునే సాకెట్‌తో వస్తుంది. 2017లో తొలి రైజెన్‌తో కొన్న ఏఎం4 సాకెట్ బోర్డుల్లో చాలావాటికి, బయాస్ అప్‌డేట్ చేస్తే, 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ సరిపోతుంది. దాని 96 ఎంబీ ఎల్3 క్యాష్ ఆటలకు వరమే. తర్వాతి సాకెట్ ఏఎం5కు మారాలంటే బోర్డుతోపాటు డీడీఆర్5 ర్యామ్ కూడా కొనాలి. 2025 చివర్లో ర్యామ్ ధరలు ఎగబాకాక ఆ బిల్లు మరీ బరువెక్కింది.