పాత స్లైడు, అసలు రంగు

స్లైడు అంటే నెగటివ్ కాదు. వెలుతురుకి ఎత్తిపట్టి చూస్తే బొమ్మ సరైన రంగుల్లోనే కనిపిస్తుంది. మరి స్కాన్ చేస్తే అవ్వ కట్టిన ఆకుపచ్చ చీర రంగు ఎందుకు మారిపోతుంది?

దానికి కారణాలు రెండు. కొడాక్ కంపెనీ 1935లో తెచ్చిన కోడాక్రోమ్ చీకట్లో దాచిపెడితే దశాబ్దాలు గడిచినా పెద్దగా వెలవదు. కానీ దాని రంగులు వేరే రకం. మామూలు సెట్టింగులో స్కాన్ చేస్తే నీలి ఛాయ వస్తుంది. పాత ఎక్టాక్రోమ్ అయితే ఫిల్మే వెలిసి ఎర్రబడుతుంది. మొదటిది స్కానర్ తెచ్చిన తేడా, రెండోది కాలం తెచ్చింది. అందుకే ముందు ఫ్రేము మీదో, ఫిల్ము అంచునో పేరు చూడండి.

తర్వాత ఆటో కలర్ ఆపేయండి. లేకపోతే అది కేఆర్‌పీ డ్యామ్ నీళ్ళ మీది సాయంత్రపు ఎరుపుని కూడా లోపం అనుకుని తీసేస్తుంది. ఐటీ8 అనే కొలత స్లైడులో వందల రంగుల గళ్ళుంటాయి, వాటి అసలు విలువలు ముందే తెలుసు. మీ స్లైడు రకం ఫిల్ము మీదే ఉన్న ఐటీ8ని స్కాన్ చేస్తే, స్కానర్ ఎక్కడ తేడాగా చూస్తోందో సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి సరిచేస్తుంది.

వెలిసిపోయిన రంగుని మాత్రం ఏ కొలతా తిరిగి చెప్పలేదు. దానికి ఆ చీరని చూసిన మనిషే కావాలి. అవ్వ ఉన్నప్పుడే పక్కన కూర్చోబెట్టుకుని అడగండి.