మీకు తెలుసా? హనోయిలో రోడ్డు మధ్యలో ఆగితేనే ప్రమాదం

వియత్నాం వెళ్ళొచ్చిన మనవాళ్ళను కదిపి చూడండి. ఊరు బాగుంది, ఖర్చు తక్కువ అని కొందరు మురిసిపోతారు. ఆ ట్రాఫిక్కేంటి, ఆ బేరాలేంటి, తల తిరిగిపోయిందని ఇంకొందరు విసుక్కుంటారు. ఇద్దరూ తిరిగింది అవే వీధుల్లో. పైకి గందరగోళంగా కనిపించే చాలావాటికి అక్కడ ఒక లెక్క ఉంది. అది ముందే తెలిసినవాళ్ళకు సగం చిరాకు దిగిపోతుంది. విమానం ఎక్కేముందు తెలుసుకుంటే పనికొచ్చే సంగతులు కొన్ని చెబుతాను.

ముందు రోడ్డు సంగతి. పది కోట్ల జనాభా ఉన్న ఆ దేశంలో రిజిస్టరైన మోటారు సైకిళ్ళు, స్కూటర్లు 7 కోట్లకు పైమాటే. హనోయిలో హోవాన్ కియెమ్ చెరువు పక్కన సాయంత్రం పూట నిలబడితే ఆ అంకె ఎంత పెద్దదో తెలిసొస్తుంది. జీబ్రా గీతలు ఉంటాయి గానీ వాటి దగ్గర ఆగే బండి అరుదు. ఖాళీ దొరికాక దాటుదామని చూస్తే చీకటి పడేదాకా అక్కడే నిలబడాలి. మరి దాటడం ఎలా? నెమ్మదిగా, ఒకే వేగంతో, ఆగకుండా నడవాలి. ఎదురొచ్చే బండి మనిషి మీ తరవాతి అడుగు ఎక్కడ పడుతుందో అంచనా వేసుకుని మీ ముందు నుంచో వెనక నుంచో తప్పించుకుపోతాడు. మీరు బెదిరి ఆగినా, వెనక్కి గెంతినా, పరుగు తీసినా ఆ అంచనా తప్పుతుంది. ప్రమాదం జరిగేది అప్పుడే. అక్కడ బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి కాబట్టి అడుగు పెట్టేముందు ఎడమకు చూడటం అలవాటు చేసుకోండి. పిల్లలు వెంట ఉంటే బండ్లు వచ్చే వైపు పెద్దవాళ్ళు నడవాలి. ఇదంతా టూవీలర్ల సంగతే. బస్సులు, లారీలు, కార్లు అంత సులువుగా తప్పుకోలేవు, వాటికి దారి ఇవ్వాల్సింది మనమే. ఇక చుట్టూ ఎడతెగకుండా మోగే హారన్లంటారా, అవి చాలావరకు మనమీద కోపంతో కొట్టేవి కావు. పక్క నుంచి వస్తున్నాం, చూసుకో అని చెప్పడమే.

అద్దె స్కూటర్ తీసుకుందామనుకునేవాళ్ళకు ఒక హెచ్చరిక. 2025 జనవరి 1 నుంచి అక్కడ జరిమానాలు బాగా పెంచారు. మోటారు సైకిల్ మీద రెడ్ సిగ్నల్ దాటితే 40 లక్షల నుంచి 60 లక్షల డాంగ్‌లు కట్టాలి. మన డబ్బులో దాదాపు 13 వేల నుంచి 20 వేల రూపాయలు. హెల్మెట్ నిబంధన అయితే 2007 డిసెంబరు నుంచే అన్ని రోడ్ల మీదా అమల్లో ఉంది.

లక్షలు అన్నాం కదా, డబ్బు దగ్గరికే వద్దాం. ఒక రూపాయికి సుమారు 300 డాంగ్‌లు వస్తాయి. ధరలో చివరి మూడు సున్నాలు కొట్టేసి, మిగిలినదాన్ని మూడుంబావుతో హెచ్చవేస్తే రూపాయల్లో ఇంచుమించు ఎంతో తెలిసిపోతుంది. కొట్టువాళ్ళు కూడా ఆ సున్నాలను పలకరు, యాభై అన్నారంటే 50,000 అని. అసలు చిక్కు నోట్లతో వస్తుంది. 20,000 నోటూ, 5,00,000 నోటూ రెండూ నీలం రంగే, రెండింటి మీదా హో చి మిన్ బొమ్మే. ఒకటి అరవై అయిదు రూపాయలకు కాస్త అటూఇటూ, రెండోది పదహారు వందల పైన. రాత్రిపూట టాక్సీ దిగే తొందరలో ఒకదాని బదులు ఇంకొకటి ఇచ్చేస్తే ఆ బాధ ప్రయాణమంతా వెంటాడుతుంది. 5,00,000 నోట్లను వేరే జేబులో పెట్టుకోండి, ఇచ్చేటప్పుడు వెనక బొమ్మ చూడండి. హోయ్ ఆన్ పట్టణంలోని పైకప్పు వంతెన కనిపిస్తే చిన్న నోటు, హో చి మిన్ పుట్టిన ఊళ్ళోని ఇల్లు కనిపిస్తే పెద్ద నోటు. టాక్సీ బేరాల తలనొప్పి వద్దనుకుంటే గ్రాబ్ యాప్ ఉంది, ఎక్కకముందే ఛార్జీ ఎంతో చూపిస్తుంది.

బోణీ సెంటిమెంటు మన దగ్గరే ఉందనుకుంటున్నారా? వియత్నాం కొట్లలోనూ అచ్చంగా అదే ఉంది. పొద్దున వచ్చిన మొదటి మనిషి పెద్దగా బేరం ఆడకుండా చప్పున కొనుక్కుపోతే ఆ రోజంతా అమ్మకం బాగుంటుందని నమ్మకం. అదే మనిషి పది చొక్కాలు విప్పించి, సగానికి సగం అడిగి, ఏదీ కొనకుండా వెళ్ళిపోతే అమ్మే ఆవిడ ముఖం మాడిపోతుంది. కొంతమంది ఆ దోషం పోవడానికి ఒక కాగితం ముక్క వెలిగించి సరుకు ముందు అటూఇటూ తిప్పుతారు కూడా. హనోయి డోంగ్ స్వాన్ మార్కెట్లోనో, హో చి మిన్ సిటీ బెన్ థాన్ మార్కెట్లోనో పొద్దున్నే కసురు తిన్న టూరిస్టు అక్కడివాళ్ళు మర్యాద తెలియనివాళ్ళని అనుకుని వచ్చేస్తాడు. తెలుగువాళ్ళం మనం అలా అనుకోకూడదు. బోణీ బేరం చెడగొట్టడమంటే ఏమిటో మనకు ఒకరు చెప్పాలా? ఊరికే చూడటానికైతే పది దాటాక వెళ్ళండి, అప్పుడు ఎంత బేరమాడినా నవ్వుతూనే సమాధానం చెబుతారు. కొట్టు తెరవగానే వెళ్ళారంటే చిన్నదైనా ఒకటి కొనండి.

చిరునామాలు ఇంకో పరీక్ష. హో చి మిన్ సిటీలో 175/24/3 లాంటి నంబర్లు కనిపిస్తాయి. పెద్ద వీధిలో 175 దగ్గర ఒక సందు మొదలవుతుంది, ఆ సందులో 24 దగ్గర ఇంకో సందు, అందులో 3వ ఇల్లు. వార్డు, బ్లాకు, ఇల్లు అంటూ గీతలతో సాగే హైదరాబాద్ డోర్ నంబర్లకు అలవాటు పడినవాళ్ళకు ఇది తేలిగ్గానే ఎక్కుతుంది. హనోయి పాతబస్తీ తీరు వేరు. కిలోమీటరు కూడా లేని ఒకే తిన్నని రోడ్డుకు హాంగ్ డావో, హాంగ్ నగాంగ్, హాంగ్ డువాంగ్, డోంగ్ స్వాన్ అని వరసగా పేర్లు మారిపోతాయి. దారి తప్పామని కంగారు పడకుండా ముందుకు నడవండి.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఒకటుంది. హోటల్లో మీరు బుక్ చేసిన గది ఇంకెవరికో ఇచ్చేశారనుకోండి, కౌంటర్లో ఉన్న అమ్మాయేమో నవ్వుతోంది. ఒళ్ళు మండుతుంది. ఆ నవ్వు చాలాసార్లు ఎగతాళి కాదు, ఇబ్బందిని కప్పుకోవడం. అక్కడ నలుగురిలో గొంతు పెంచితే పరువు పోయేది అవతలివాళ్ళదే కాదు, మనదీనూ. అరిచాక సాయం చేద్దామనుకున్న మనిషి కూడా వెనక్కి తగ్గుతుంది. గొంతు తగ్గించి, బుకింగ్ కాగితం చూపించి, అనువాదం చేసే యాప్‌లో ఇప్పుడేం చేద్దామని టైప్ చేసి ముందు పెట్టండి. వేరే గదో, పక్క హోటలో వెతికిపెట్టే అవకాశం అప్పుడే ఎక్కువ. అన్నట్టు, అరచెయ్యి పైకి పెట్టి వేలితో రమ్మని పిలిస్తే అవమానంగా తీసుకుంటారు. అరచెయ్యి కిందికి తిప్పి పిలవాలి.

వీసా చిరాకు ఇంట్లోనే మొదలవుతుంది. 2023 ఆగస్టు 15 నుంచి అన్ని దేశాలవాళ్ళకూ 90 రోజుల ఈ-వీసా ఇస్తున్నారు. ఇంటిపేరు ఒక చోట, అసలు పేరు ఇంకో చోట రాసుకునే అలవాటు మనది. దరఖాస్తులో మాత్రం పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లు పోకుండా నింపండి. ప్రభుత్వ సైట్‌లా కనిపిస్తూ ఎక్కువ గుంజే ప్రైవేటు సైట్లు చాలా ఉన్నాయి, జాగ్రత్త.

శాకాహారులకు చివరి మాట. అక్కడి వంటల్లో చేపల నుంచి తీసిన సాస్ పడనిది తక్కువ, కూరగాయల వేపుడు కూడా అందుకు మినహాయింపు కాదు. బౌద్ధులు నడిపే శాకాహార హోటళ్ళు మాత్రం ప్రతి పెద్ద ఊళ్ళోనూ ఉంటాయి, శాకాహారానికి అక్కడి మాట చై, అలా అడిగితే చూపిస్తారు. అమావాస్యకూ పౌర్ణమికీ మాంసం మానేసేవాళ్ళు అక్కడ చాలామంది. అందుకని ఆ రోజుల్లో మామూలు హోటళ్ళలో కూడా అలాంటి భోజనం దొరుకుతుంది. పళ్ళెంలో రొయ్యలాగో చేపముక్కలాగో ఉన్నది కనిపిస్తే ఉలిక్కిపడి లేచి రావద్దు. చై హోటల్లో అది సోయాతోనో గోధుమతోనో చేసినదే.