ఏ చిత్రము చూడదగినది?

"సినిమాకు పోవచ్చునా?" ఎల్లారెడ్డి, మెదకు ప్రాంతముల క్రైస్తవ గృహములలో ఈ ప్రశ్న చిన్నది కాదు. 1924 క్రిస్మసునాడు ప్రతిష్ఠింపబడిన మెదకు మహాదేవాలయపు నీడలో పెరిగిన కుటుంబములవి. ఆదివారము ఆరాధనకు వెంటబెట్టుకొని పోవు బిడ్డలను మరునాడు ఏ తెర ముందు కూర్చుండనీయవలెనో పెద్దలు యోచింపకుండుట ఎట్లు?

1978లో వారికి సులువైన సమాధానమొకటి లభించెను. ఎ. భీంసింగ్ దర్శకత్వమున, విజయచందర్ క్రీస్తు పాత్ర ధరించిన 'కరుణామయుడు' వెలువడెను. పల్లెలలో తెర కట్టి దానిని చూపిరి. సినిమా యన్న మొగము త్రిప్పుకొను పెద్దలకును అట్టి చిత్రమును కాదనుట కష్టమే.

అయినను భక్తి చిత్రమే మంచి చిత్రమన్నచో, 1955 నాటి 'మిస్సమ్మ' గతి యేమి? అందు సావిత్రి ధరించిన మేరీ క్రైస్తవుల యింట పెరిగిన పిల్ల. కడపట హిందువుల బిడ్డయని తేలును. ఈ ముగింపు కొందరు తండ్రులకు రుచింపకపోవచ్చును. కాని పెంచినవారి అప్పు తీర్చుటకై ఉద్యోగము వెదకుకొన్న ఆ పిల్ల అభిమానము, అప్పు నెపమున తన్ను పెండ్లాడజూచిన వానికి లొంగని ధైర్యము ఏ యింటి ఆడపిల్లకు పనికిరానివి?

కాబట్టి చిత్రమునకు పేరు కాదు, ఫలము ముఖ్యము. ఇల్లు చేరిన పిమ్మట భోజనముల వేళ బిడ్డలతో తడబడక ముచ్చటింపగలిగినది చూడదగినది, దాచుకొనవలసినది విడువదగినది. నేడు తెర ఫోనులో చేరి పిల్లల గుప్పిటిలోనికి వచ్చినది. వలదని తలుపు మూసినంత మాత్రమున ఆగదు. పక్కన కూర్చుండి చూచి, నచ్చనిచోట ఎందుకు నచ్చలేదో చెప్పు తల్లిదండ్రులే నేటి గృహమునకు కావలి.