బొగ్గుపులుసు వాయువును దాచఁదగిన శిలలను కనుగొను విధము

బొగ్గు మండినచోట, సిమెంటునకై సున్నపురాయి కాల్చినచోట బొగ్గుపులుసు వాయువు పుట్టును. కార్బన్ డయాక్సైడు అనునది యిదియే. ఇది పెరిగినకొలది భూమి వేడెక్కుచున్నది. వానలు తారుమారైనచో ముందు నష్టపడువాడు రైతే. కావున నీ వాయువును పొగగొట్టమువద్దనే పట్టి శిలలలో బంధింప యత్నించుచున్నారు.

అన్ని రాళ్లు ఇందులకు పనికిరావు. ఐస్లాండు దేశమున 2012వ సంవత్సరమున వాయువును నీటిలో కరగించి, సోడావలె నైనదానిని బసాల్టు అను నల్లరాతిలోనికి పంపిరి. ఆ పులుసునీరు రాతిలోని సున్నపు ధాతువును కరగించి, దానితో కలిసి తెల్లని రాయిగా గడ్డకట్టినది. రెండేండ్లలోపుననే నూటికి 95 పాళ్లు ఇట్లు రాయియయ్యెనని 2016లో ప్రకటించిరి. రాయియైన వాయువు తిరిగి పైకెగయునను భయము లేదు.

ఆ జాతి రాయియే మన దక్కనులో సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్లు పరచుకొని, వికారాబాదు, ఆదిలాబాదు ప్రాంతములవరకు వచ్చినది. అచ్చటి నల్లరేగడి చాలవఱకు దాని చివుకుడే. అయినను పైని నల్లరాయి కనఁబడినంతమాత్రమున చాలదు. మహారాష్ట్రమున కోయనవద్ద బోరు వేయఁగా 933 మీటర్ల మందము బసాల్టు, దానిక్రింద గ్రానైటు తగిలినవి. మనవైపు అంచున నా మందము మిక్కిలి తక్కువ. మఱియు లోతున బెజ్జముల రాతిపొర యుండి, దానిపై మూతవలె గట్టిపొర యుండవలెను.

దీనిని త్రవ్వకయే తెలిసికొనుటకు కొలతలు గలవు. బరువైన రాతిపై భూమి యాకర్షణ రవంత హెచ్చు. బసాల్టులో నినుపఖనిజ ముండుటచే అయస్కాంతశక్తియు మారును; దీనిని విమానమునుండియు కొలువవచ్చును. మూడవది మీ రెఱిఁగినదే: బోరుకు ముందు మేకులు దిగఁగొట్టి విద్యుత్తు పంపి చూచుట. గట్టి పొడిరాయి విద్యుత్తు నడ్డగించును, నీరున్న బెజ్జపురాయి పోనిచ్చును. అయితే బంకమన్నును పోనిచ్చును గనుక, ఈ యొక్కదానినే నమ్మి మోసపోరాదు. నేలను కొట్టి ప్రతిధ్వనిని వినుట మఱియొకటి. బసాల్టు పొరలలో నది చెదరిపోవుచుండును. అన్నిటిని సరిచూచి, తుదకు బోరు వేసియే నిశ్చయింతురు.

ఇందులో నీటి చిక్కు గలదు. ఐస్లాండు పద్ధతిలో వాయువు బరువునకు సుమారు 25 రెట్లు నీరు కావలెను. అమెరికాలో వల్లూలావద్ద 2013లో నీరు కలుపకయే సుమారు వేయి టన్నులు పంపిరి గాని, మన మెట్టసీమలో బావుల నీరు నీ రాతి సందులలోనిదే. కొలతకు మేకులు పాతినంతమాత్రమున పొలమునకు హాని లేదు. బోరు వేయుదుమన్నచో మాత్రము, అది మన నీటిపొరను దాటి యెంత లోతునకు పోవునో, ఆ పొరవద్ద గొట్టమును సిమెంటుతో కట్టుదిట్టము చేయుదురో లేదో, వ్రాతమూలముగా నడిగి తెలిసికొనవలెను.