వార్తల్లో పదం: ఎల్‌సీ3 సిమెంటు

సున్నపురాయి పొడినీ, కాల్చిన బంకమట్టినీ క్లింకర్‌తో కలిపి తయారుచేసే మిశ్రమ సిమెంటును ఎల్‌సీ3 అంటారు. సాధారణ సిమెంటుకు మూలమైన క్లింకర్ గడ్డలను సున్నపురాయి, మట్టి మిశ్రమాన్ని సుమారు 1,450 డిగ్రీల సెల్సియస్ వద్ద కాల్చి రూపొందిస్తారు. ఆ వేడికి ఇంధనం మండటం వల్లనే కాక, సున్నపురాయి విచ్ఛిన్నమవడం వల్ల కూడా కార్బన్ డయాక్సైడ్ పెద్దయెత్తున వెలువడుతుంది.

ఎల్‌సీ3లో ప్రధాన రకానికి సుమారు 50 శాతం క్లింకర్, 30 శాతం కాల్చిన బంకమట్టి, 15 శాతం సున్నపురాయి పొడి, 5 శాతం జిప్సం వాడతారు. కయోలినైట్ అనే ఖనిజమున్న మట్టిని కాల్చడానికి 700–850 డిగ్రీలు సరిపోవడం, సున్నపురాయిని కాల్చకుండా పొడిగానే కలపడం వల్ల ఉద్గారాలు 30 నుంచి 40 శాతం వరకు తగ్గుతాయి. మట్టిలోని అల్యూమినా సున్నపురాయితో చర్య జరిపి కార్బోఅల్యూమినేట్లనే స్ఫటికాలుగా మారి సూక్ష్మరంధ్రాలను నింపుతుంది కనుక, ఇనుప చువ్వలను తుప్పు పట్టించే క్లోరైడ్ లవణాలు కాంక్రీటులోకి సులభంగా చొరబడలేవు. తీరప్రాంత నిర్మాణాలకు ఈ గుణం ఎంతో కీలకం. అయితే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కాంక్రీటులోకి చొచ్చుకుపోకుండా అడ్డుకోవడంలో ఇది సాధారణ సిమెంటుకన్నా కొంత వెనుకబడుతుంది కాబట్టి, నీటితో సరిగా తడపడం, చువ్వలపై తగినంత మందంలో కాంక్రీటు ఉంచడం తప్పనిసరి.

స్విట్జర్లాండ్, క్యూబా, భారత పరిశోధకులు కలిసి అభివృద్ధి చేసిన ఈ సిమెంటుకు భారతీయ ప్రమాణాల సంస్థ 2023లో ఐఎస్ 18189 ప్రమాణాన్ని నిర్దేశించింది.