పెన్సిలు అను మాట



నేడు నేను మీతో ముచ్చటింపదలచినది మిక్కిలి చిన్న వస్తువును గూర్చి. అది పెన్సిలు. ఈ మాట ఇంగ్లీషుదైనను మన నోళ్ళలో నాని తెలుగు మాటయే యైనది. పెన్సిళ్ళు, పెన్సిలుతో, పెన్సిలుకొరకు అని మన విభక్తులను జేర్చి వాడుచున్నాము. బడికి బోవు బాలుడు మొదలు దూలముపై గీత గీయు వడ్రంగి వరకు దీని నెరుగనివారు లేరు. అయినను ఈ మాటకు అర్థమేమని యడిగినచో చెప్పగలవారు కొలదిమంది. వ్రాయు పరికరమందురు. అది దాని పనిని జెప్పుటయే గాని పదమునకు అర్థము జెప్పుట గాదు.

పెన్ను, పెన్సిలు అను మాటలు వినుటకు అన్నదమ్ములవలె నున్నవి. పెన్నునకు చిన్నది పెన్సిలని పలువురు తలంతురు. నిజమునకు ఆ రెంటికి చుట్టరికము లేదు. పెన్ను అను మాట ఈక యను అర్థముగల 'పెన్నా' అను లాటిను పదమునుండి పుట్టినది. పూర్వము ఐరోపావారు పెద్దబాతు ఈకను చెక్కి సిరాలో ముంచి వ్రాసెడివారు. పెన్సిలు మాత్రము 'పెనికిల్లస్' అను వేరొక లాటిను పదమునుండి ఫ్రెంచి భాష మీదుగా ఇంగ్లీషులోనికి వచ్చినది. చిన్న తోక యని దాని మూలార్థము. చిత్రకారుని కుంచె తోకవలె నుండుటచే దాని కా పేరు గలిగినది. కావున మొదట ఇంగ్లీషున పెన్సిలనగా సన్నని కుంచెయే. పెనిసిలిన్ అను మందు పేరు కూడ ఈ కుటుంబములోనిదే. 1928లో అలెగ్జాండరు ఫ్లెమింగు కనుగొనిన ఆ మందు పెనిసిలియమను బూజునుండి వచ్చినది. సూక్ష్మదర్శినిలో ఆ బూజు కొన కుంచెవలె గానవచ్చును.

మరి కుంచె పేరు కొయ్యపుల్ల కెట్లు వచ్చెను? 16వ శతాబ్దమున ఇంగ్లండులోని కంబర్లండు ప్రాంతమున, బారోడేలు అను లోయలో, నల్లని మెత్తని ఖనిజము దొరకినది. దానిని కడ్డీలుగా కోసి కొయ్యలో నిమిడ్చి వ్రాయసాగిరి. 1565లో స్విట్జర్లండు పండితుడు కాన్రాడు గెస్నరు అట్టి పరికరమును తన గ్రంథమున వర్ణించెను. కుంచెవలె సన్నని గీత గీయునది గనుక కుంచె పేరే దీనికి నిలిచినది.

ఆ ఖనిజమును నాటివారు సీసమని భ్రమించిరి. అందుచేతనే నేటికిని పెన్సిలు నడిమి కడ్డీని 'లెడ్డు' అనుచున్నారు. అందులో సీసము లేదు. అది బొగ్గు జాతిదని 1779లో షీలె అను రసాయనవేత్త నిరూపించెను. 1789లో వెర్నరు అను పండితుడు, వ్రాయుట యను గ్రీకు పదమునుండి, దానికి గ్రాఫైటని పేరు పెట్టెను. మన తూర్పు కనుమలలోను గ్రాఫైటు గలదు. 1795లో ఫ్రాన్సు దేశమున కాంటె యనువాడు గ్రాఫైటు పొడిని బంకమన్నుతో కలిపి కాల్చు పద్ధతిని గనిపెట్టెను. మన్ను హెచ్చినకొలది కడ్డీ గట్టిపడి గీత పలుచనగును. గ్రాఫైటు హెచ్చినకొలది మెత్తబడి గీత నల్లనగును. పెన్సిలుపై కనబడు హెచ్ అను అక్షరము గట్టిదనమును, బి అను అక్షరము నలుపును దెలుపును.

ఇక మనకు ముఖ్యమైన సంగతి. గ్రాఫైటు కాగితపు పైపొరపై నంటి యుండునే గాని సిరావలె లోనికి ఇంకదు. కావున చెరిపిన పోవును. పూర్వము రొట్టెముక్కతో చెరిపెడివారు. 1770లో ఇంగ్లండున ఎడ్వర్డు నెయిర్ను రబ్బరు ముక్కలను ఈ పనికై అమ్మసాగెను. బడిపిల్లల కిది మేలే. పత్రములందు మాత్రము ఇదియే కీడు.

ఒక రైతు నోటు వ్రాసి అప్పు దెచ్చెననుకొందము. పంట యమ్మి పదివేలు చెల్లించి, ఆ నోటు వెనుక చెల్లు వేయించెను. నోటు ఋణదాత యింటనే యుండును. ఆ చెల్లు పెన్సిలుతో వేసినదైనచో రైతు కష్టార్జితమును మాపుటకు చిన్న రబ్బరు ముక్క చాలును. ఋణదాతకును ఇందు నష్టము గలదు. గడువులోపల సొమ్ము చెల్లించి, బాకీదారుడు స్వయముగా వ్రాసిన లేక సంతకము చేసిన చెల్లు వలన, 1963నాటి కాలపరిమితి చట్టము ననుసరించి, గడువు ఆ దినమునుండి మరల లెక్కకు వచ్చును. ఆ వ్రాత మాసిపోయినచో ఆ యాధారమే పోవును.

పెన్సిలు వ్రాత చట్టము దృష్టిలో వ్రాతయే కాదని నేననుట లేదు. 1897నాటి జనరల్ క్లాజుల చట్టము అక్షరములను కంటికి గనబడునట్లు చేయు పద్ధతులన్నిటిని వ్రాతగనే యెంచినది. చిక్కు రుజువునందు గలదు. చెరిపి దిద్దిన జాడ గనబడినచో, ఎవరు దిద్దిరో తేల్చుట కష్టము. కావున చెల్లు, రసీదు, ఒప్పందము, వీలునామా సిరాతోనే వ్రాయింపుడు. అంకెతోబాటు అక్షరములలోను సొమ్మును వేయింపుడు. పెన్సిలు వ్రాతక్రింద వ్రేలిముద్ర వేయకుడు.

అట్లని పెన్సిలును చులకన చేయరాదు. నీటిచే తడిసినను దాని గీత సిరావలె కారదు, వెలుతురునకు వెలిసిపోదు. ప్రాచీన గ్రంథములను భద్రపరచు భాండాగారములు పెక్కింట చదువరులను పెన్సిలుతోనే వ్రాసికొననిత్తురు. సిరాచుక్క పడినచో తాళపత్రమైనను కాగితమైనను చెడును గదా! పంచాయతీ లెక్కకు చిత్తు వ్రాయుటకు, ఇంటికి ముగ్గు పోయుటకు ముందు కొలతలు గుర్తించుటకు పెన్సిలే తగినది.

కడపట ఇంగ్లీషు వాడుక నొకదానిని దెలిపెదను. ఒక తేదీని 'పెన్సిల్ ఇన్' చేసితిమని ఇంగ్లీషువారు చెప్పినచో, తాత్కాలికముగ ననుకొంటిమి, మార్పు కలుగవచ్చునని భావము. పట్టణముననున్న కుమారుడు పెండ్లిచూపుల దినమును గూర్చి అట్లు వ్రాసినచో, స్థిరమైన జాబు వచ్చువరకు బంధువులను పిలువకుడు. మార్చదగినది పెన్సిలుతోను, మారగూడనిది సిరాతోను వ్రాయుట మేలు.